ఊటకు మించిన ఏతము



ఏతము త్రొక్కువాని బలము నూతిలోని ఊటకు లోబడియుండునని మీకు ఒకరు చెప్పనక్కరలేదు. గంటకు పది బానల నీరు మాత్రమే ఊరు నూతి నుండి ఇరువది బానలు తోడవలెనని ఎంతటి బలిష్ఠుని ఏతమెక్కించినను, వాడు సగము కాలము వట్టిబాన చూచుచు నిలువబడియే యుండవలెను. ఈ సంగతి మరచి నా మనుమడు ఒక మాసము శ్రమపడెను, కొంత సొమ్ము వ్యయపరచెను, నాకు ప్రాణసమానమైన యొక పటమును పోగొట్టినంత పని చేసెను. ఆ కథతో నారంభించి, కంప్యూటరుల చరిత్రలోను మన విశాఖపట్టణపు రేవు చరిత్రలోను ఈ యొక్క న్యాయమే పలుమారు ఎట్లు నిరూపితమైనదో నేడు మనవి చేయుదును.

మా స్వగ్రామము గాజువాక ప్రాంతమున నుండెడిది. ఉండెడిదని యేల యనుచున్నాననగా, అది యిపుడు లేదు. 1971 జనవరి 20వ తేదీని శ్రీమతి ఇందిరాగాంధి ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన చేసిరి. అప్పుడు నేను బాలుడను. తరువాతి కాలమున భూములు సేకరింపబడగా, చుట్టుపట్ల పల్లెలతో పాటు మా పల్లెయు లేచిపోయినది. జనులు పలు కాలనీలకు చెదరిపోయిరి. చెరువు పేరేమి, శ్మశానమునకు పోవు దారి యెటు, ఎవరి గట్టు ఎవరి గట్టునకు ఆనుకొనియుండెడిది అను సంగతులు తెలిసినవారు నానాటికి తగ్గిపోవుచున్నారు. కావున కరణముల యిండ్లలోను రైతుల పెట్టెలలోను మిగిలియున్న పాత పొలముల పటములను బతిమాలి తెచ్చి, వానికి నకళ్లు తీయించుట నా వార్ధక్యమున పెట్టుకొన్న పని.

ఆ కాగితములు ముట్టినచో పొడియగు స్థితిలో నున్నవి. ఒక్కొక్క పటమును ముక్కముక్కగా స్కానరుపై నుంచి, ఛాయలు తీసి, ఆ ముక్కలను కంప్యూటరులో నొకటిగా కూర్చవలెను. మా యింటి బల్లమీది కంప్యూటరునకు ఒక పటము కూర్చుటకు 50 నిముషములు పట్టుచుండెను. "తాతయ్యా, క్రొత్త యంత్రము కొననక్కరలేదు. దీని వేగమును నేనే పెంచెదను" అని నా మనుమడు పూనుకొనెను. వాడు తలపెట్టిన పనికి ఓవర్‌క్లాకింగు అని పేరు. అనగా యంత్రమును చేసినవారు నియమించిన వేగమును మించి దానిని పరుగెత్తించుట.

ఇచ్చట రెండు అవయవముల పేర్లు మీరు గుర్తుంచుకొనవలెను. లెక్కలు చేయునది ప్రాసెసరు. ఆ లెక్కలకు వలయు అంకెలను నిలువయుంచు కొట్టు మెమరీ. భజనలో తాళము ననుసరించి అడుగులు పడునట్లు, ప్రాసెసరు ఒక గడియారపు తాళము ననుసరించి పని చేయును. మా యంత్రములో ఆ తాళము సెకండునకు 400 కోట్ల మారులు పడును. మనుమడు దానిని 450 కోట్లకు హెచ్చించెను. పది బస్తాలకు చేసిన బండి పదునొకండు బస్తాలు మోయగలిగినట్లే, యంత్రము చేయువారు కొంత బలమును మిగిల్చి యుంచుట వాడుక. ఆ మిగులును వాడుకొనుటయే ఈ విద్య.

కాని మిగులు ఊరకనే రాదు. తాళము హెచ్చినపుడు విద్యుత్పీడనమును సైతము హెచ్చింపవలసివచ్చును. పుట్టెడి వేడి, తాళమును బట్టి యొక మారును, పీడనమును బట్టి రెండు మారులును హెచ్చును. తాళమును నూటికి పన్నెండున్నర చొప్పునను, పీడనమును నూటికి 10 చొప్పునను పెంచినచో, వేడి మూడవవంతునకు పైగా పెరుగును. దానిని చల్లార్చుటకు పెద్ద విసనకఱ్ఱ యంత్రము కొనవలసివచ్చెను. ఇంత చేసినను పటము కూర్చుటకు పట్టిన కాలము 50 నిముషముల నుండి 48 నిముషములకు మాత్రమే దిగెను. ఎనిమిదవవంతు వేగము పెంచినవానికి దక్కినది రెండు నిముషములు!

ఏల ఇట్లయ్యెను? ఆ 50 నిముషములలో ప్రాసెసరు నిజముగా లెక్క చేసినది 18 నిముషములే. తక్కిన 32 నిముషములును అది మెమరీ నుండి అంకెలు వచ్చునంతవరకు చేతులు ముడుచుకొని యుండెను. తాళము పెంచగా 18 నిముషముల పని 16 నిముషములలో ముగిసెను. 32 నిముషముల నిరీక్షణము నిరీక్షణముగనే నిలిచెను. పనిలో ఏ భాగమును త్వరపరచితిమో ఆ భాగమునకు మించిన లాభము రాదని జీన్ ఆమ్‌డాల్ అను నమెరికా యంత్రజ్ఞుడు 1967లోనే తెలిపియున్నాడు. ఆయన సిద్ధాంతమునకు మా యింటి గదియే సాక్ష్యమయ్యెను.

ఈ నిరీక్షణము నేడు పుట్టినది కాదు. 1945లో జాన్ వాన్ నాయ్‌మన్ అను గణితవేత్త యొక నివేదిక వ్రాసెను. యంత్రము చేయవలసిన పనుల యాజ్ఞలును, ఆ పనులకు వలయు అంకెలును ఒక్క మెమరీలోనే యుండవలెనని అందులో నిరూపింపబడెను. నేటికిని కంప్యూటరులు చాలవరకు ఆ మార్గముననే నడచుచున్నవి. ఆ యేర్పాటు మిక్కిలి యుక్తమైనదే. కాని కొట్టునకును కర్మశాలకును నడుమ దారి యొక్కటే యయ్యెను. 1949లో కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్సు మొదలగువారు నడిపిన ఎడ్సాక్ అను యంత్రమున మెమరీ యనగా పాదరసము నింపిన గొట్టములు. అంకెలు శబ్దతరంగములై ఆ పాదరసములో తిరుగుచుండెడివి. కావలసిన అంకె గొట్టము కొసకు వచ్చునంతవరకు యంత్రము కాచుకొనియుండవలెను. యంత్రముతో పాటే నిరీక్షణమును జన్మించినదన్నమాట.

1953లో అమెరికాలో జే ఫారెస్టరు మొదలగువారు ఇనుపభస్మముతో చేసిన చిన్ని ఉంగరములను తీగెలకు గ్రుచ్చి మెమరీగా నమర్చిరి. మన దేశపు తొలి కంప్యూటరులలో నొకటియైన టీడీసీ-12 అను 1969 నాటి యంత్రము కూడ ఆ యుగమునకు చెందినదే. ట్రాంబేలో రూపొందిన దానిని ఉత్పత్తి చేసి విక్రయించు బాధ్యత హైదరాబాదులోని ఈసీఐఎల్ సంస్థ వహించెను. ఆ సంస్థను 1967లో నెలకొల్పి నడిపినవారు మన తెలుగువారైన అయ్యగారి సాంబశివరావుగారు. ఆ కాలపు చిన్న యంత్రములలో ప్రాసెసరును మెమరీయు ఇంచుమించు ఒకే నడకతో నడచెడివి. జోడెడ్లు సరిసమానములైనపుడు కాడి వంకర పోదు.

తరువాత జోడు చెడెను. 1970లో ఇంటెల్ సంస్థ సిలికాను బిళ్లపై మెమరీని అమ్మకమునకు తెచ్చెను. 1971లో ప్రాసెసరును సైతము అట్టి బిళ్లపై తెచ్చెను. ఆపైన మెమరీ మిక్కిలి చవుక యయ్యెను, మిక్కిలి విశాలమయ్యెను. కాని దాని త్వరితగతి ప్రాసెసరు గతితో సమముగా పెరుగలేదు. ఒక కాలమున ప్రాసెసరుల శక్తి ఏటేటా నూటికి 50కి పైగా పెరుగుచుండగా, మెమరీ బదులిచ్చు వేగము నూటికి 7 చొప్పున మాత్రమే పెరిగినదని పండితులు లెక్కకట్టిరి. 1995లో విలియమ్ వుల్ఫ్, శాలీ మెక్కీ అను నిరువురు "ఇట్లే సాగినచో మనము ఒక గోడకు ఢీకొందుము" అను నర్థము వచ్చునట్లు వ్రాసి, దానికి మెమరీ గోడ యని పేరు పెట్టిరి.

ఈ గోడ ఎంత యెత్తో యొక లెక్క చెప్పెదను. సెకండును 100 కోట్ల భాగములు చేసినచో నొక భాగమునకు నానోసెకండని పేరు. మెమరీకి కబురంపి అంకె తెప్పించుకొనుటకు బల్లమీది యంత్రములలో సుమారు 80 నానోసెకండ్లు పట్టుననుకొందము. సెకండునకు 400 కోట్ల తాళములు వేయు ప్రాసెసరు ఆలోగా 320 తాళములు వృథా పుచ్చును. దానిని 500 కోట్లకు పెంచినచో, అదే 80 నానోసెకండ్లలో 400 తాళములు వృథాయగును. అనగా వేగము పెంచినకొలది నిరీక్షించుటయందు దాని నేర్పు పెరుగును గాని పని పెరుగదు!

ఇచ్చట దూరము వేరు, వెడల్పు వేరు అని గ్రహింపవలెను. 2003 ప్రాంతపు మేలురకపు డీడీఆర్-400 మెమరీలో, తెరచియున్న వరుస నుండి అడిగిన అంకె బయలుదేరుటకు 10 నానోసెకండ్లు పట్టుచుండెను. ఎన్నో యేండ్ల తరువాతి డీడీఆర్4-3200 మెమరీలోను, 16 తాళముల రకమున, పట్టునది ఆ 10 నానోసెకండ్లే. కాని ఒక్కసారి బయలుదేరిన పిమ్మట అంకెలు ఎనిమిది రెట్లు ధారాళముగా వచ్చును. ఊరికిని సంతకును దూరము తగ్గలేదు. బండ్ల సంఖ్య ఎనిమిది రెట్లయ్యెను.

ఈ చిక్కునకు యంత్రజ్ఞులు కనుగొన్న యుపాయమును మన యిల్లాండ్రు అనాదిగా నెరుగుదురు. తాలింపు వేయునపుడు ఆవాలకొరకు ఎవరును సంతకు పోరు. పోపులపెట్టె చేతికందు దూరముననే యుండును. అట్లే ప్రాసెసరు చెంతనే చిన్నదియు మిక్కిలి వేగముగలదియు నగు మెమరీ నొకదానిని ఉంచవలెనని ఆ మారిస్ విల్క్సే 1965లో సూచించెను. 1968లో ఐబీఎమ్ సంస్థ ప్రకటించిన 360 తరగతి 85వ నమూనాలో ఆ పోపులపెట్టె యమరినది. దానిని కాష్ అందురు. 1989లో వచ్చిన ఇంటెల్ 486 ప్రాసెసరు తన బిళ్లపైననే సుమారు ఎనిమిది వేల అక్షరములు పట్టు కాష్‌తో వెలువడెను. 1992లో దాని గడియారమును లోపల 66కు హెచ్చించి, బయటి దారిని 33గనే యుంచి, డీఎక్స్2 అని యమ్మిరి. తయారుచేసినవారే లోపలి వేగమును రెట్టించిరి. అది ఫలించినది పోపులపెట్టె లోపల నుండుటచేతనే.

సొంతదారులు వేగము పెంచుకొనుటయు పాత వేడుకయే. 1984 నాటి ఐబీఎమ్ ఏటీ యంత్రమున 6 మెగాహెర్ట్జుల గడియారము వచ్చునట్లు చేసిన స్ఫటికమును ఊడదీసి, 8 వచ్చు స్ఫటికమును పెట్టుకొన్నవారు పలువురు. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ అను చవుక ప్రాసెసరును 300 నుండి 450కి పరుగెత్తించి జనులు సంబరపడిరి. ఆ సంబరములో చాలమంది గమనింపని రహస్య మొకటి యున్నది. వారు పెంచినది ప్రాసెసరును మాత్రమే కాదు. బయటి దారి తాళమును 66 నుండి 100కి పెంచుటచేతనే ప్రాసెసరు వేగము పెరిగెను. ఏతముతో పాటు ఊటయు పెరిగినది గనుకనే ఆ పని ఫలించెను. దీనికి మారు దృష్టాంతమును వినుడు. 2022లో ఏఎమ్‌డీ సంస్థ రైజెన్ 7 5800ఎక్స్3డీ యను ప్రాసెసరును తెచ్చెను. దాని గడియారము తన యన్నయగు 5800ఎక్స్ కంటె కొంచెము మందము. వేగము పెంచుకొనుటకు అనుమతియు లేదు. కాని కాష్ మాత్రము మూడు రెట్లు. కంప్యూటరు ఆటలయందు అన్నను మించినది ఆ మందగామియే.

యంత్రముల మాట యటుండనిండు. మన రేవునే చూడుడు. పూర్వము విశాఖపట్టణమున ఓడలు ఒడ్డునకు రాలేక సముద్రములోనే లంగరు వేసెడివి. సరకంతయు మసూలా పడవలపై అలల నడుమ మోయవలసియుండెను. తెరచాప ఓడలు పోయి ఆవిరి ఓడలు వచ్చినవి, ప్రయాణము త్వరితమయ్యెను. కాని ఆవిరి ఓడ యెంత త్వరగా వచ్చినను, పడవ వచ్చునంతవరకు నిలువబడియే యుండెను. కావున మన పెద్దలు ఓడల వేగమును గాక వాకిలిని చూచిరి. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున నున్న చిత్తడి నేలను త్రవ్వి, లోపలి రేవును కట్టిరి. తీరము వెంబడి కొట్టుకొని వచ్చు ఇసుక వాకిలిని పూడ్చకుండుటకై జానస్, వెల్లెడ్సన్ అను రెండు పాత ఓడలను ముంచి అడ్డుగట్టుగా నమర్చిరి. 1933 అక్టోబరు 7వ తేదీని జలదుర్గ యను ఓడ లోపలికి ప్రవేశించెను. ఆ డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డను రేవును లాంఛనముగా ప్రారంభించెను.

1960వ దశకములో బైలదిల్లా ఇనుపఖనిజమును జపానునకు పంపుటకై కొత్తవలస నుండి కిరండూలు వరకు కొండలలో సొరంగములు త్రవ్వి రైలుమార్గము వేసిరి. ఖనిజము వెల్లువగా వచ్చెను. ఓడలు సంవత్సరమునకొక పరిమాణము పెరిగెను. కాని లోపలి రేవు వాకిలి ఇరుకు. పెద్ద ఓడ లోనికి పోలేదు. రైళ్లను ఎంత త్వరపరచినను ఏమి లాభము? మరల వాకిలినే పెద్దది చేయవలసివచ్చెను. సముద్రములోనికి అడ్డుగట్లు కట్టి వెలుపలి రేవును నిర్మించి, 1976లో పనిలోనికి తెచ్చిరి. లక్ష టన్నుల ఓడలకు స్థానము కలిగెను. 1992 ఆగస్టు 1న ప్రధాని పి. వి. నరసింహారావుగారు జాతికంకితము చేసిన మన ఉక్కు కర్మాగారమున గోదావరి, కృష్ణ యని పేర్లు గల కొలుములున్నవి. ఆ కొలిమికాండ్ర నడిగినను ఇదే మాట చెప్పుదురు. ఖనిజమును బొగ్గును సమయమునకు రానిచో, ఎంతటి కొలిమియైనను ఎదురుచూడవలసినదే.

ఇక మా యింటి కథ. వేగము పెంచిన మూడవ వారమున నొక మధ్యాహ్నము, సముద్రపు ఉక్క తీవ్రముగా నుండగా, యంత్రము తటాలున నిలిచిపోయెను. మరల తెరచి చూడగా, కూర్చిన పటము నడుమ నల్లని చారలు పడియుండెను. ఆ చారల క్రింద పోయినది మా యూరి చెరువుగట్టును, గ్రామదేవత గుడికి పోవు త్రోవయు. నాకు కాళ్లు వణకినవి. ఊరు ఒక్కసారి పోయినది చాలదా? దైవవశమున ముక్కల ఛాయలు వేరొక చోట భద్రముగా నుండెను గనుక పటము దక్కెను. కాని అంతకంటె బాధాకరమైన సంగతి మరియొకటి. చారలు కంటికి కనబడినవి గనుక తెలిసెను. మితిమీరి పరుగెత్తు యంత్రము కనబడని తప్పు చేసినచో, ఆ తప్పే సత్యముగా నిలిచిపోవును గదా! అంతకు ముందు కూర్చిన పటములు పదునొకండింటిని గీతగీతకు సరిచూచుటకు మాకిరువురకు తొమ్మిది దినములు పట్టినది.

ఆ తొమ్మిది దినములలో మనుమడు మౌనముగా ఆలోచించెను. యంత్రమును తెరచి చూడగా మెమరీ పలక యొక్కటే యుండెను. దాని ప్రక్క దారి శూన్యముగా నుండెను. అమ్మినవాడు ఒక్క పలకనే పెట్టియిచ్చెను, మేమును అడుగలేదు. ప్రాసెసరు వేగమును మొదటి స్థితికి దించి, సరిజోడైన రెండవ పలకను రెండవ దారిలో నమర్చెను. అంకెలు రెండు దారుల వెంట రాసాగెను. లెక్కకు 18 నిముషములు, నిరీక్షణమునకు సగము తగ్గి 16. కాగితముపై 34 రావలెను. యంత్రము 35 నిముషములలో పటమును కూర్చెను. రెండవ పలకకు పట్టిన సొమ్ము విసనకఱ్ఱ యంత్రమునకు పెట్టినదానికంటె తక్కువ. "తాతయ్యా, నేను ఏతమును కొట్టితిని, నూతిలోనికి చూడలేదు" అని వాడు నవ్వెను.

వేగము పెంచుట దోషమని నేననను. పని యంతయు ప్రాసెసరు లోపలనే జరుగునట్టిదైనచో, అంకెలు పోపులపెట్టెలో నిముడునట్టివైనచో, ఆ విద్య ఫలించును. మెమరీ తాళమును పెంచుటకును మార్గములు కలవు. కాని అందును తప్పులు దొర్లు భయము కలదు గనుక, పెంచిన పిదప దినమంతయు పరీక్షించి చూడవలెను. ముందుగా తెలిసికొనవలసినది ఒక్కటే: ఆలస్యము ఎక్కడ జరుగుచున్నది? ఈ ప్రశ్న కంప్యూటరునకే గాదు. గిడ్డంగి లేని యూరిలో దిగుబడి పెంచునపుడును, తూము బాగుచేయక చెరువు త్రవ్వించునపుడును, కార్యాలయములో నొక్క గుమాస్తాకు పది బల్లల కాగితములు పంపునపుడును అడుగవలసినదే.

మా యూరి పటములు ఇప్పుడు పండ్రెండును పూర్తియైనవి. గత మాసమున వానిని కాలనీలోని యొక వృద్ధురాలికి తెరపై చూపితిని. ఆమె వ్రేలితో గట్టు వెంబడి నడచి, తన పుట్టింటి యొద్ద నిలిచెను. ఆ త్రోవ నల్లచార క్రింద పోయియుండినచో నిలువవలసిన చోటు ఆమెకు దొరకియుండెడిది కాదు. మీ గ్రామములలోను పాత పటములుండవచ్చును. వానికి నకళ్లు తీయించుడు, త్వరపడుడు, కాని త్వరపడుటకు ముందు నూతిలోనికి ఒక్కమారు తొంగిచూడుడు.